ఆసుపత్రి మంచం పక్కన చిట్టా పుస్తకం

మూడేళ్ల కిందట ఒక తెల్లవారుజామున మా అమ్మ దొడ్లో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. నెల్లూరు తీసుకెళ్లి ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. ఆపరేషన్ బాగానే జరిగింది, అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. ఆ డాక్టరుకి ఈ రోజుకీ దణ్ణం పెడతాను. బాధంతా బిల్లు దగ్గరే. ఎనిమిదో రోజు 2,38,460 రూపాయల కాగితం చేతిలో పెట్టారు. అందులో ఏది సరైందో ఏది కాదో చెప్పడానికి నా దగ్గర ఒక్క ఆధారం లేదు.

బుచ్చిరెడ్డిపాలెంలో రైస్ మిల్లు లెక్కలు రాయడం నా పని, ఇరవై ఎనిమిదేళ్లుగా అదే. లారీని నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి కాటా వేయందే ధాన్యం దించనివ్వం. పుట్టి అంటే మా దగ్గర 850 కిలోలు. అందులో నాలుగు కిలోలు తేడా వచ్చినా రైతు ఊరుకోడు, ఊరుకోకూడదు కూడా. ఏ రోజు సంగతి ఆ రోజే చిట్టాకెక్కాలి. వారం తర్వాత గుర్తు తెచ్చుకుని రాసింది లెక్క కాదు. ఇంత తెలిసినవాణ్ణి, ఆసుపత్రిలో ఎనిమిది రోజులు కూర్చుని ఒక్క ముక్క రాసుకోలేదు. అమ్మ మూలుగుతుంటే కాగితం, పెన్ను గుర్తుకు రాలేదు.

ఇంటికొచ్చిన పదిహేను రోజులకి నిమ్మళంగా కూర్చుని బిల్లు చూశాను. యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఒక్కోటి 780 రూపాయలు, మొత్తం 15 వేశారు. డిశ్చార్జి సమ్మరీలో రోజుకి మూడు చొప్పున మూడు రోజులిచ్చి తర్వాత మాత్రలకి మార్చామని ఉంది. అంటే తొమ్మిదే. మిగతా ఆరు, 4,680 రూపాయలు, ఎక్కడికి పోయాయో తెలీదు. వెళ్లి అడిగితే ఫార్మసీ కుర్రాడు వారం దాటాక రిటర్న్ తీసుకునేది లేదన్నాడు. మంచం పక్కనున్న రోజుల్లో అడగాల్సిన మాట అది. ఆ తర్వాత మా ఇంట్లో, బంధువుల ఇళ్లలో ఎవరు ఆసుపత్రిలో చేరినా ముందు నేనొక పుస్తకం కొనిస్తున్నాను. ఎలా రాయాలో, ఎక్కడేం అడగాలో ఇక్కడ చెబుతాను.

డబ్బు కట్టకముందు

అడ్మిషన్ కౌంటర్లో అడ్వాన్స్ అడుగుతారు. జేబులో చెయ్యి పెట్టే ముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ జబ్బుకి ఇక్కడ ప్రభుత్వ పథకం వర్తిస్తుందా? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైందే ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పేరు మారినా జనం ఆరోగ్యశ్రీ అనే అంటారు, ఎలా అడిగినా వాళ్లకి అర్థమవుతుంది. జాబితాలో ఉన్న ఆసుపత్రుల్లో పథకం మనిషి ఒకరు ఉంటారు. అప్పట్లో ఆరోగ్యమిత్ర, ఇప్పుడు వైద్యమిత్ర. కౌంటర్ అమ్మాయిని కాదు, ఆ మనిషినే నేరుగా కలవండి. ఆధార్, రేషన్ కార్డు చేతిలో ఉండాలి.

మేం ఈ పని చేయలేదు. కంగారులో 50,000 కట్టేశాం. మూడో రోజు టీ కోసం కిందికి దిగితే క్యాంటీన్ పక్కనే పథకం మనిషి కూర్చునే బల్ల కనపడింది. అమ్మ పేరు మా కార్డులోనే ఉంది. ఆ అబ్బాయి కార్డు చూసి, "ఆపరేషన్‌కి ముందు వచ్చుంటే ఆన్‌లైన్‌లో పెట్టి చూసేవాణ్ణి అన్నా, ఇప్పుడు చేతిలో లేదు" అన్నాడు. నిజమే, పథకంలో అనుమతి ముందు, ఆపరేషన్ తర్వాత. నగదు మీద మొదలైన వైద్యాన్ని మధ్యలో పథకంలోకి మార్చడం చాలా కష్టం. పథకం కింద చేర్చుకుని కూడా అదనంగా డబ్బు అడిగితే 104కి ఫోన్ చేయండి.

ఇంట్లో 70 నిండిన పెద్దవాళ్లుంటే ఆయుష్మాన్ వయ వందన కార్డు తీయించండి. 2024 అక్టోబర్‌లో మొదలైంది. ఆదాయంతో పనిలేదు, ఆధార్‌లో వయసు ఉంటే చాలు, ఏడాదికి 5 లక్షల వరకు ఉచిత వైద్యం. ఏ ఆసుపత్రిలో చెల్లుతుందో చేరకముందే 14555కి అడిగి తెలుసుకోవాలి. ఇక మన నెల్లూరు, ఒంగోలు వైపు హైవే సంగతి తెలిసిందే. కావలి, సింగరాయకొండ, ఒంగోలు దారిలో ప్రమాదం లేని వారం ఉండదు. రోడ్డు ప్రమాదంలో దెబ్బతిన్నవాళ్లకి ఏడు రోజుల్లోపు లక్షన్నర వరకు నగదు లేకుండా వైద్యం చేసే కేంద్ర పథకం 2025 మేలో వచ్చింది. 112కి ఫోన్ చేసినప్పుడే ఆ సంగతి అడగండి.

పథకం వర్తించకపోతే అంచనా కాగితం మీద రాయించుకోండి. నోటి మాటగా "లక్షన్నర అవుతుందండి" అంటే ఆ లక్షన్నరలో ఏముందో ఎవరికీ తెలీదు. ప్యాకేజీ అంటే ఎన్ని రోజులు, ఏ గది, మందులు కలిపా విడిగానా, మత్తు డాక్టరు ఫీజు అందులోనే ఉందా, ఎముకకి వేసే రాడ్డూ ప్లేటూ ఏ కంపెనీవి, వాటి ధరెంత. ఇవి అడిగితే ఎవరూ కోప్పడరు. కోప్పడితే, తొందర లేని ఆపరేషనైతే, నెల్లూరు దర్గామిట్ట ప్రభుత్వ పెద్దాసుపత్రిలోనో ఒంగోలు రిమ్స్‌లోనో ఒకసారి చూపించి రండి. నెల్లూరు పొగతోటలో వీధికి పది ఆసుపత్రులున్నాయి. రెండో అభిప్రాయం తీసుకోవడం మొదటి డాక్టరుని అవమానించడం కాదు.

గుండెకి స్టెంటు వేస్తామంటే ఒక మాట గుర్తుంచుకోండి. 2017 ఫిబ్రవరిలో జాతీయ ఔషధ ధరల సంస్థ మందు పూసిన స్టెంటుకి 29,600 రూపాయల గరిష్ఠ ధర పెట్టింది, అంతకుముందు లక్ష దాటి వసూలు చేసేవాళ్లు. అదే ఏడాది ఆగస్టులో మోకాలి మార్పిడిలో వేసే కృత్రిమ కీళ్లకీ పరిమితి వచ్చింది. ఈ ధరలు అప్పుడప్పుడు సవరిస్తుంటారు కాబట్టి, ఆ సంస్థ పెట్టిన ఫార్మా సహీ దామ్ అనే యాప్‌లో ఆ రోజు ధర చూసుకోవచ్చు. స్టెంటు, రాడ్డు ఏదైనా డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద బ్యాచ్ నంబరు ఉంటుంది. ఒక స్టిక్కర్ మనకి ఇమ్మని ఆపరేషన్‌కి ముందే చెప్పాలి. తర్వాతైతే డబ్బా చెత్తబుట్టలో ఉంటుంది.

పుస్తకంలో ఏం రాయాలి

నలభై పేజీల పుస్తకం చాలు. మొదటి పేజీలో పేషెంటు పేరు, ఐపీ నంబరు (చేరినప్పుడు ఆసుపత్రి ఇచ్చే నంబరు), కట్టిన అడ్వాన్సులు, రసీదు నంబర్లు. తర్వాత రోజుకో పేజీ. పోయినేడు సింగరాయకొండలో ఉండే మా బావమరిదికి పిత్తాశయం ఆపరేషన్ జరిగింది. అప్పుడు నేను రాసిన ఒక పేజీ ఇది, ఉన్నదున్నట్టు:

మంగళవారం. ఉదయం 6:10, యాంటీబయాటిక్ ఇంజక్షన్ 1, సెలైన్ 1. 7:30, బీపీ, టెంపరేచర్ చూశారు. 9:40, పెద్ద డాక్టరు వచ్చారు. 11:00, రక్తం తీశారు, రెండు ట్యూబులు. 12:15, ఫార్మసీ కవరు వచ్చింది, అందులో ఇంజక్షన్లు 6, సిరంజిలు 10, గ్లౌజులు ఒక డబ్బా. 2:00, ఇంజక్షన్ 1. సాయంత్రం డాక్టరు రాలేదు, డ్యూటీ డాక్టరే చూశారు. 10:00, ఇంజక్షన్ 1. కవర్లో మిగిలినవి ఇంజక్షన్లు 4, సిరంజిలు 8.

అంతే. వైద్యం తెలియాల్సిన పనిలేదు. పేరు తెలియకపోతే సిస్టర్‌ని అడగండి, "ఏం మందమ్మా ఇది?" అంటే చెబుతారు. నర్సుల మీద అనుమానంతో అడిగినట్టు ఉండకూడదు. పాపం ఒక్కొక్కరికి పదేసి మంచాలు, వాళ్లు రాత్రంతా నిలబడే ఉంటారు. నేను మొదటి రోజే చెప్పేస్తాను, "మా ఇంటి లెక్క కోసం రాసుకుంటున్నానమ్మా" అని. ఒక సిస్టర్ అయితే తనే వచ్చి "అంకుల్, ఇప్పుడిచ్చింది రాసుకున్నారా?" అని అడిగేది.

అన్నింటికంటే ఎక్కువగా తేడా వచ్చేది ఫార్మసీ కవరు దగ్గర. వార్డు నుంచి ఇండెంట్, అంటే కావాల్సిన మందుల చీటీ, పెడతారు, కింద నుంచి కవరు వస్తుంది, వచ్చినప్పుడే బిల్లులో పడుతుంది. డాక్టరు మధ్యలో మందు మార్చితే పాతది అల్మరాలో ఉండిపోతుంది. ఎవరో కావాలని చేసే మోసం కానక్కర్లేదు, వెనక్కి పంపడం ఎవరి పనీ కాకపోవడమే కారణం. అందుకే కవరు రాగానే విప్పి లెక్కపెట్టండి, సీసా మీద ఎమ్మార్పీ ఫోటో తీయండి, మందు మారిన రోజే మిగిలినవి రిటర్న్ రాయించండి. ఆ రిటర్న్ చీటీ పుస్తకంలో పిన్ను చేయండి. గది ఖాళీ చేసే రోజు అల్మరా ఒకసారి తెరిచి చూడండి.

మరొక సంగతి. రాత్రి పక్కనుండే మనిషి మారితే పుస్తకం కూడా చేతులు మారాలి. మా ఆవిడ రాత్రి కూర్చున్నప్పుడు తను రాసింది, పొద్దున నేను అందుకున్నాను. మిల్లులో షిఫ్టు మారినప్పుడు చేసే పనే ఇది.

గది అద్దె గురించి కాస్త వివరంగా

ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే కాబట్టి ఆగి చెబుతాను. బావమరిదికి 3 లక్షల పాలసీ ఉంది. చేరిన రోజు కౌంటర్లో రోజుకి 5,000 గది చూపించారు. "బావా, చూడ్డానికి వచ్చేవాళ్లు ఎక్కువుంటారు, పెద్ద గదే తీసుకుందాం, ఎలాగూ కంపెనీ కడుతుంది" అన్నాడు. పాలసీ కాగితం ఫోన్‌లో తెరిపించాను. పదమూడో పేజీలో ఉంది, గది అద్దె పాలసీ మొత్తంలో ఒక శాతం వరకే అని. అంటే రోజుకి 3,000.

ఆసుపత్రి కవరు వెనకే లెక్క వేసి చూపించాను. నాలుగు రోజులకి గది అద్దె 20,000 అవుతుంది, కంపెనీ 12,000 ఇస్తుంది, 8,000 మనది. ఇంతవరకు అందరికీ అర్థమవుతుంది. అసలు దెబ్బ తర్వాత ఉంది. మనం తీసుకున్న గది 5,000, అర్హత 3,000, అంటే 60 శాతం. అలాంటప్పుడు సర్జన్ ఫీజు, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ ఖర్చులకి కూడా 60 శాతమే ఇస్తారు. ఆ ఖర్చులు 80,000 అనుకుంటే వచ్చేది 48,000, మన మీద పడేది 32,000. మొత్తం 40,000 జేబులోంచి పోతుంది. రోజుకి రెండు వేలు ఎక్కువ గది అనుకున్నాం, అది నలభై వేల గది.

బావమరిది ఏమీ మాట్లాడకుండా ఇద్దరుండే 3,000 గదికి మారాడు. వచ్చినవాళ్లు వరండాలో కూర్చున్నారు.

ఈ కోత మందులకీ, పరీక్షలకీ, లోపల అమర్చే వస్తువులకీ వేయకూడదు. ఐసీయూ అద్దెకీ కూడదు. గదిని బట్టి రేట్లు మార్చని ఆసుపత్రిలో అసలు వేయకూడదు. 2020లో బీమా నియంత్రణ సంస్థ ఇచ్చిన ఉత్తర్వుల్లో ఇవన్నీ ఉన్నాయి. కంపెనీ కోత కాగితంలో ఇవి కలిపేసి ఉంటే రాతపూర్వకంగా అడగండి. గ్లౌజులు, మాస్కులు, డైపర్ల లాంటివి చాలా పాలసీల్లో రావు, వాటికి మాత్రం మనమే సిద్ధపడాలి.

క్యాష్‌లెస్ కదా, కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కడుతుంది, బిల్లు ఎంతైతే మనకేం అనుకోకండి. వాడిన ప్రతి రూపాయీ ఆ ఏడాది పాలసీ మొత్తంలోంచి తగ్గుతుంది. ఆర్నెల్లకి ఇంట్లో ఇంకొకరు చేరితే అప్పుడు తెలుస్తుంది. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో నిబంధన వచ్చింది. ఆ ఆలస్యం వల్ల పడే అదనపు ఖర్చు కంపెనీయే భరించాలి. కాబట్టి ఆసుపత్రి వాళ్లు కాగితాలు ఎన్నింటికి పంపారో, అది కూడా పుస్తకంలో రాయండి.

కొత్తగా పాలసీ తీసుకునేవాళ్లకి ఒక్క మాట. షుగరు, బీపీ దాచి పాలసీ తీసుకోవద్దు. పాత జబ్బులకి ఎదురుచూడాల్సిన గడువు ఇప్పుడు మూడేళ్లకి మించకూడదు. దాచి ఆనక క్లెయిమ్ పోగొట్టుకునేకంటే చెప్పి మూడేళ్లు ఆగడం నయం.

బిల్లు చేతికొచ్చాక

మొదట ఇచ్చేది ఒక పేజీ బిల్లు. ఫార్మసీ 64,000, ల్యాబ్ 18,000 అని గంపగుత్తగా ఉంటుంది. దాన్ని చూసి ఏమీ తేల్చలేం. బ్రేకప్ బిల్లు అడగండి, ఏ రోజు ఏది ఎన్ని అన్న వివరంతో. జాతీయ మానవ హక్కుల సంఘం 2018లో తయారుచేసిన రోగి హక్కుల పత్రంలో అంశాలవారీ బిల్లు మన హక్కుల్లో ఒకటి. మందులు, పరీక్షలు మనకిష్టమైన చోట చేయించుకోవచ్చనీ, బిల్లు తగాదా ఉందని పేషెంటునిగానీ శవాన్నిగానీ ఆపకూడదనీ అందులో ఉంది. ఆ పత్రం దానంతటదే చట్టం కాదు, అయినా ఆ మాట పేరుతో చెబితే కౌంటర్లో వినే తీరు మారుతుంది.

డిశ్చార్జికి ముందు రోజు సాయంత్రమే మధ్యంతర బిల్లు తీసుకోండి. ఆ రాత్రి తీరిగ్గా పుస్తకంతో టిక్కులు పెట్టుకోవచ్చు. డిశ్చార్జి రోజు అందరూ ఆటో ఎక్కేందుకు తొందరపడుతుంటారు, ఆ టెన్షన్‌లో లెక్క సాగదు.

బావమరిది బిల్లు అలాగే చూశాం. 780 రూపాయల ఇంజక్షన్లు నాలుగు ఎక్కువ, 3,120. పెద్ద డాక్టరు రౌండ్లు రెండు ఎక్కువ, ఒక్కోటి 700. ఎవరూ రాని డైటీషియన్ రెండుసార్లు, 800. మొత్తం 5,320. బిల్లింగ్ కుర్రాడు పుస్తకం తిప్పి చూసి, "డైటీషియన్ రోజూ ఆటోమేటిక్‌గా పడిపోతుంది సార్" అని లోపలికెళ్లి పావుగంటలో తగ్గించి తెచ్చాడు. గొంతు పెంచాల్సిన పని రాలేదు. పేజీ తెరిచి, వేలు పెట్టి, "మంగళవారం సాయంత్రం డాక్టరు రాలేదు నాయనా, చూడు" అన్నాను. రాసి ఉన్న లెక్కకి ఎదురు చెప్పడం ఎవరికైనా కష్టం.

వెళ్లేటప్పుడు డిశ్చార్జి సమ్మరీ, అన్ని రిపోర్టులు, రసీదులు తీసుకోండి. కేసు షీటు నకలు కావాలంటే రాసివ్వండి, అడిగిన 72 గంటల్లో ఇవ్వాలని డాక్టర్ల నిబంధనల్లోనే ఉంది. అసలు కాగితాలు ఎవరికిచ్చినా ముందు రెండు సెట్లు జిరాక్స్.

తగ్గించకపోతే ఆసుపత్రి పెద్దకి రాతపూర్వకంగా ఇచ్చి, నకలు మీద అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాత 1915, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 1995లోనే చెప్పింది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో, కట్టిన సొమ్ము 5 లక్షల్లోపైతే ఫీజు లేదు. రెండేళ్లలోపు వేయాలి. ఇన్సూరెన్స్ కంపెనీతో తగాదా అయితే ముందు కంపెనీకి ఫిర్యాదు, నెలలో తేలకపోతే హైదరాబాద్‌లోని బీమా తగాదాలు తీర్చే అధికారి అంబుడ్స్‌మన్‌కి. దానికీ ఖర్చు లేదు, లాయరూ అక్కర్లేదు.

నెలనెలా మందులు, అప్పులు

అమ్మకి బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ మాత్రలు నెలకి 1,450 అయ్యేవి. డాక్టరుగారిని బ్రాండు కింద మందు పేరు కూడా రాయమన్నాను. ఆ చీటీతో జన ఔషధి కేంద్రానికి వెళితే 380కి వచ్చాయి. పేర్లు వేరుగా కనపడితే పెద్దవాళ్లు కంగారుపడతారు. మొదటి నెల స్ట్రిప్పులు డాక్టరుకి చూపించి, ఆయన నోటితోనే "ఇదే మందమ్మా" అనిపించాను. అప్పుడు వేసుకుంది. బీపీ, షుగరు మాత్రలు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే ఇస్తారు. మందు మార్చినా, దుకాణం మార్చినా డాక్టరుకి చెప్పకుండా మాత్రం చేయొద్దు.

అప్పు తప్పనప్పుడు ఎక్కడ తెచ్చామన్నది ముఖ్యం. నూటికి రెండు రూపాయల వడ్డీకి లక్ష తెస్తే ఏడాదికి 24,000 వడ్డీకే పోతుంది. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో పెట్టండి, వడ్డీ సగం కూడా ఉండదు. పథకం, ఇన్సూరెన్స్ రెండూ లేక సొంతంగా కట్టినవాళ్లు ముఖ్యమంత్రి సహాయ నిధికి ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా పెట్టుకోవచ్చు. అసలు బిల్లులు అడుగుతారు, జిరాక్స్ సెట్టు మన దగ్గర ఉంచుకోండి. డబ్బు రావడానికి నెలలు పట్టొచ్చు, వచ్చేది కట్టినంతా కాదు. అయినా పెట్టుకోండి.

మా ఇంట్లో ఇప్పుడు మనిషికో ప్లాస్టిక్ కవరు ఉంది. అందులో ఆధార్, రేషన్ కార్డు నకళ్లు, పాలసీ మొదటి పేజీ, గది అద్దె రాసున్న పేజీ, రోజూ వేసుకునే మందుల చీటీ, పాత డిశ్చార్జి సమ్మరీ. అమ్మ కవర్లో వయ వందన కార్డు కూడా. ప్రతిదాంట్లో ఒక కొత్త పుస్తకం, దారం కట్టిన పెన్ను. బీరువాలో పెట్టలేదు, వంటింటి తలుపు వెనక మేకుకి తగిలించాం. రాత్రి రెండింటికి నేను ఊళ్లో లేకపోయినా, మా చిన్నమ్మాయి చెయ్యి అందే ఎత్తులో.